కంప్యూటర్ నుంచి ఫోన్ యాప్‌లను సర్దుకునే విధానం

చిరంజీవులకు ఆశీస్సులు.

కొత్త ఫోన్‌లో కంపెనీవారు ముందే పెట్టి ఇచ్చిన ఆటల యాప్‌లను తొలగిద్దామంటే అన్‌ఇన్‌స్టాల్ బటనే కనిపించడం లేదని రాశారు. మీది ఆండ్రాయిడ్ ఫోన్ కాబట్టి, కంప్యూటర్‌లోని కమాండ్ లైన్ నుంచి, అంటే ఆదేశాలను టైపు చేసే కిటికీ నుంచి, ఆ పని చేయవచ్చు.

యాప్‌లు తయారు చేసేవారి కోసం గూగుల్ ఉచితంగా ఇచ్చే ప్లాట్‌ఫామ్ టూల్స్‌లో ఏడీబీ (ఆండ్రాయిడ్ డీబగ్ బ్రిడ్జ్) అనే ప్రోగ్రామ్ ఉంటుంది. మీరు కొట్టిన కమాండ్‌ను అది కంప్యూటర్‌లోనే 5037 పోర్టులో నడిచే సర్వర్‌కు ఇస్తుంది. ఆ సర్వర్ యూఎస్‌బీ కేబుల్ ద్వారా ఫోన్‌లోని మరో చిన్న ప్రోగ్రామ్‌కు అందించి పని చేయిస్తుంది. కమాండ్లను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను గానీ, మీరు ఇంగ్లిష్ చిన్న అక్షరాలతోనే టైపు చేయాలి.

ముందు ఫోన్ సెట్టింగ్స్‌లో బిల్డ్ నంబర్ ఎక్కడుందో వెతికి, దాని మీద 7 సార్లు తాకితే డెవలపర్ ఆప్షన్స్ బయటపడతాయి. వాటిలో, కంప్యూటర్ నుంచి వచ్చే ఏడీబీ కమాండ్లను ఫోన్ స్వీకరించేలా చేసే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేయండి. కేబుల్ తగిలించి ‘ఏడీబీ డివైసెస్’ అని కొడితే ఫోన్ సీరియల్ నంబరు, దాని పక్కన ‘అన్‌ఆథరైజ్డ్’ అన్న మాట కనిపిస్తాయి. కంగారు పడకండి. అదే సమయంలో ఫోన్ తెర మీద, ఈ కంప్యూటర్‌ను అనుమతించాలా అని అడుగుతూ ఒక పెట్టె తెరుచుకుంటుంది. ఒప్పుకొని అదే కమాండ్ మళ్లీ కొడితే ఆ మాట స్థానంలో ‘డివైస్’ అని వస్తుంది. ఆండ్రాయిడ్ 4.2.2 నుంచి ఉన్న ఈ కాపలా చాలా మంచిది. ఇతరుల కంప్యూటర్లలో మాత్రం ‘ఎప్పటికీ అనుమతించు’ అన్నచోట టిక్కు పెట్టకండి.

ఏడీబీకి యాప్ బొమ్మలతో పని లేదు, ప్యాకేజీ పేరు, అంటే ఫోన్ లోపల ఆ యాప్‌ను గుర్తించే పేరు, చెప్పాలి. వాట్సాప్ పేరు ‘కామ్ డాట్ వాట్సాప్’. వెబ్ చిరునామాను తిరగేసినట్లు ఉంటుంది. ‘ఏడీబీ షెల్ పీఎం లిస్ట్ ప్యాకేజెస్’ అంటే పేర్లన్నీ జలజలా వచ్చిపడతాయి. చివర ‘మైనస్ 3’ చేరిస్తే సిస్టమ్‌కు చెందనివి మాత్రమే మిగులుతాయి.

తొలగించే కమాండ్ ‘ఏడీబీ షెల్ పీఎం అన్‌ఇన్‌స్టాల్’, ఆ తరువాత రెండు అడ్డగీతలతో ‘యూజర్ 0’ (ఫోన్‌లోని ప్రధాన వాడుకరి అని అర్థం), చివర ప్యాకేజీ పేరు. ఫోన్ మారు మాట అడగకుండా ‘సక్సెస్’ అంటుంది. అయితే నిజంగా జరిగేది ఏమిటంటే, సిస్టమ్ విభాగంలోని అసలు ఫైలు ఉన్నచోటే ఉండిపోయి, ఆ యాప్ మీ ఖాతాకు మాత్రం లేకుండా పోతుంది. అందుకే ఆ ఫైలు పట్టిన జాగా మీకు తిరిగి రాదు, ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే యాప్ మళ్లీ ప్రత్యక్షమవుతుంది. యాప్ దాచుకున్న సమాచారం మాత్రం చెరిగిపోతుంది కనుక, నన్నడిగితే మొదట ‘అన్‌ఇన్‌స్టాల్’ బదులు ‘డిజేబుల్-యూజర్’ వాడడమే మేలు: సమాచారం భద్రంగా ఉంటుంది, ‘పీఎం ఎనేబుల్’ అంటే యాప్ తిరిగి లేస్తుంది.

పేరు చివర ‘సిస్టమ్‌యూఐ’ అని ఉన్నదాన్ని ముట్టుకోకండి. గడియారం, బ్యాటరీ గుర్తు కనిపించే పై వరుసను నడిపేది అదే. ఉన్న ఒక్క కీబోర్డునూ, హోమ్ తెర చూపే లాంచర్‌నూ కూడా వదిలేయండి. ఏది ఏమిటో తెలియని పేరు కనిపిస్తే దాని పని తెలుసుకునే దాకా ఆగండి.

పని ముగిశాక డీబగ్గింగ్ ఆఫ్ చేయండి. తీసేసే పని ఇంకా మొదలుపెట్టకపోతే, ప్యాకేజీల జాబితాను ఒక ఫైలులోకి ఎక్కించి నాకు పంపండి. ఆపినా ఫర్వాలేనివాటికి గుర్తులు పెట్టి తిరిగి పంపుతాను.

ఇట్లు,
మీ తాతయ్య