చిరిగిన చీర, పొగచూరిన వంటిల్లు, ఏడ్చే అమ్మ: వాస్తవిక సినిమా మీద కొన్ని అపోహలు

నేను ఎడిటర్‌ని. షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు ఎక్కువగా కట్ చేస్తుంటాను. నా దగ్గరికి వచ్చే కొత్త డైరెక్టర్లలో చాలామంది మొదటి సినిమాకి పేదింటి అమ్మ కథే తెచ్చుకుంటారు. అది నాకు నచ్చుతుంది. మన ఇళ్లలో లేమిని ముందుగా మోసింది అమ్మే కదా. కానీ రషెస్ (షూట్ చేసి తెచ్చిన ముడి ఫుటేజ్) వేసి చూస్తే మాత్రం ఒకరి తర్వాత ఒకరివి అవే షాట్లు. పొయ్యి పొగ, చిరుగు కెమెరా వైపు ఉండేలా కట్టిన చీర, కంట్లో గ్లిజరిన్. "రియలిస్టిక్‌గా తీశామండీ" అంటారు. ఆ మాట వెనక ఉన్న అపోహలు ఏళ్లుగా వింటున్నాను. అన్నీ ఒకచోట రాద్దామనిపించింది.

అపోహ: ఉన్నది ఉన్నట్టు తీస్తే చాలు, టెక్నిక్‌తో పనేముంది?

సత్యజిత్ రాయ్ 'అపరాజితో' (1956)లో కాశీ ఇల్లు గుర్తుందా? నాలుగు పక్కలా గోడలు, మధ్యలో ఇరుకు వాకిలి, పైనుంచి దిగే మెత్తటి వెలుగు. కథానాయకుడు అపూ తల్లి సర్వజయ అక్కడే నీళ్లు మోస్తుంది, వంట చేస్తుంది, కొడుకు కోసం చూస్తుంది. ఆ ఇల్లు కాశీలో లేదు. ఆర్ట్ డైరెక్టర్ బన్సీ చంద్రగుప్త కలకత్తా స్టూడియోలో వేసిన సెట్ అది. అలాంటి పాత ఇళ్ల వాకిట్లో ఎండ నేరుగా పడదు, ఆకాశం వెలుగు మాత్రమే దిగుతుంది. స్టూడియో లైటు సూటిగా వేస్తే గోడ మీద రెండు మూడు నీడలు పడి సెట్ అని తెలిసిపోతుంది. అందుకని కెమెరామన్ సుబ్రత మిత్ర సెట్ పైన తెల్లగుడ్డ కట్టించి, లైట్లు దాని మీదికి తిప్పి, అక్కడి నుంచి తిరిగొచ్చే వెలుగులో తీశారు. ఈరోజు ప్రతి షూటింగ్‌లో థర్మాకోల్ షీట్ పట్టుకుని "బౌన్స్ పెట్టు" అంటున్నామే, అదే పని. అప్పటికి ఆయనకు పాతికేళ్లు దాటి ఎంతో కాలేదు. దీనికి ముందు భాగం 'పథేర్ పాంచాలి' మొదలుపెట్టేదాకా మూవీ కెమెరా చేతపట్టని మనిషి.

ఆ ఇంట్లో లేమి మనకు నిజంగా అనిపిస్తుందంటే, ఆ వెలుగు కోసం అంత కష్టపడ్డారు కాబట్టే. కెమెరా పెట్టేసి వదిలేస్తే పేదరికం దానంతటదే ఫ్రేమ్‌లోకి రాదు.

అపోహ: కెమెరా ఊగితేనే రియలిజం

ఊగొచ్చు, ఊగకపోవచ్చు. బెల్జియంలో దార్దెన్ సోదరులు తీసిన 'రొజెటా' (1999)లో కెమెరా ఆ అమ్మాయి వీపు వెనకే పరిగెడుతుంది. తాగుడుకి బానిసైన తల్లికి తనే తల్లిలా మారిన పిల్ల కథ అది. చూస్తే అప్పటికప్పుడు తీసినట్టే ఉంటుంది కానీ, ప్రతి కదలికా ముందే రిహార్సల్ చేసి, మళ్లీ మళ్లీ టేకులు తీసుకున్నదే. ఇంగ్లండ్‌లో కెన్ లోచ్ దీనికి పూర్తిగా వేరే దారిలో వెళ్లాడు. కెమెరాను గదిలో ఓ మూల, మనిషి కంటి ఎత్తులో, కాస్త పొడవాటి లెన్స్‌తో పెడతాడు. కథ జరిగే వరుసలోనే షూట్ చేస్తాడు. నటులకు ముందు ఏం జరగబోతోందో పూర్తిగా చెప్పడు. ఆయన 'ఐ, డేనియల్ బ్లేక్' (2016)లో ఇద్దరు పిల్లల తల్లి కేటీ ఫుడ్ బ్యాంక్‌కి వెళ్లే సీన్ ఉంది. అల్మరాల మధ్య నడుస్తూ, సరుకులు సంచిలో వేయించుకుంటూ, ఉన్నట్టుండి ఒక డబ్బా మూత లాగి చేతిలో ఒంపుకుని తినేస్తుంది. పిల్లలకు పెట్టి తను పస్తులున్న మనిషి. ఆ క్షణంలో కెమెరా ఆమె మొహం మీదికి దూకదు. పక్కన నిలబడ్డ మనం ఎంత దూరంలో ఉంటామో అంత దూరంలోనే ఆగుతుంది. ఆమె సిగ్గుతో కుమిలిపోతుంటే ఆ దూరమే ఆమెకు కాస్త చాటు అయింది. ఈ సీన్ నేను స్టూడెంట్లకు ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. వేసిన ప్రతిసారీ నా గొంతు పట్టేస్తుంది.

అపోహ: అమ్మ దుఃఖం అంటే క్లోజప్, ఏడుపు, వెనకాల వయొలిన్

నాకు బాగా కష్టం అనిపించే అపోహ ఇదే. 'పథేర్ పాంచాలి' (1955)లో సర్వజయ భర్త హరిహర్ చాలా నెలల తర్వాత ఇంటికొస్తాడు. కూతురు దుర్గ చనిపోయిందని అతనికి తెలియదు. సంచిలోంచి ఒక్కో వస్తువూ తీసి భార్యకి చూపిస్తాడు. అప్పడాల పీట, కర్ర. లక్ష్మీదేవి పటం. సర్వజయ ఏమీ మాట్లాడదు. చివరికి చీర తీసి, ఇది దుర్గకి అంటాడు. ఆమె ఆ చీరను మొహానికి అదుముకుని కూలిపోతుంది. నోరు తెరిచి ఏడుస్తుంది, ఆ ఏడుపు మాత్రం మనకు వినిపించదు. దాని బదులు తార్ షెహనాయి పైస్థాయిలో మోగుతుంది. పేరు షెహనాయి అయినా అది కమానుతో వాయించే తీగల వాద్యమే.

ఎడిటర్‌గా చెప్తున్నాను, అది సౌండ్ ట్రాక్‌లో చేసిన సాహసం. నటి గొంతు తీసేసి వాద్యం పెట్టడం అంటే, ఏమాత్రం తేడా వచ్చినా సీన్ మొత్తం నాటకంలా మారిపోతుంది. అక్కడ పని చేసిందంటే, దానికి ముందున్న నిశ్శబ్దం వల్ల. అప్పటిదాకా హరిహర్ మాటలు, పీట చప్పుడు, సంచి చప్పుడు తప్ప ఏమీ లేవు. మన షార్ట్ ఫిల్ముల్లో హరిహర్ గుమ్మంలోకి రాకముందే వయొలిన్ మొదలవుతుంది. చీర బయటికొచ్చేసరికి ఇక పెంచడానికి వాల్యూమే మిగలదు.

అపోహ: షాట్ పొడుగైతే జనం ఫోన్ తీస్తారు

ఒకప్పుడు నేనూ నమ్మాను. ఓ షార్ట్ ఫిల్ములో తల్లి రాత్రి పూట ఇద్దరు పిల్లలకు గంజి పోసే సీన్. గుమ్మం దగ్గర కెమెరా, దాదాపు నలభై సెకన్ల సింగిల్ షాట్. నాకు లాగినట్టు అనిపించి గరిట, పిల్లల మొహాలు, అమ్మ కళ్లు అంటూ ఐదు ముక్కలు చేశాను. షాట్ చివరి భాగం ఎలాగూ అనవసరం అని తీసేశాను. డైరెక్టర్ ఒప్పుకోలేదు. రెండూ పక్కపక్కన వేసి చూద్దామన్నాడు. చూస్తుండగా మా బిల్డింగ్‌లో టీ ఇచ్చే అక్క గ్లాసులు తీసుకెళ్లడానికి వచ్చి అక్కడే నిలబడింది. ముందు నా కట్ వేశాను, ఆమె ఏమీ అనలేదు. తర్వాత పూర్తి షాట్. చివర్లో అమ్మ ఖాళీ గిన్నెలో చెంబెడు నీళ్లు పోసి, చుట్టూ తిప్పి, ఎత్తి తాగేస్తుంది. అక్క మెల్లగా అంది: "గిన్నె కడిగిన నీళ్లు తాగింది మేడమ్. ఇంక పొద్దుటిదాకా ఆమెకంతే."

నేను అనవసరం అని తీసి పారేసింది సరిగ్గా ఆ పన్నెండు సెకన్లే.

ఇటలీలో డి సికా 'ఉంబెర్తో డి' (1952)లో పనిమనిషి మరియా పొద్దున్నే లేచే సీన్ కూడా ఇలాంటిదే. పెళ్లికాని పిల్ల, కడుపుతో ఉంది. వంటింట్లోకి వస్తుంది, అగ్గిపుల్ల గీస్తుంది, గోడ మీద చీమల్ని నీళ్లతో తోలుతుంది, పొట్ట వైపు చూసుకుంటుంది, కూర్చుని కాఫీ గింజలు విసురుతుంది. కూర్చున్న చోటి నుంచే కాలు చాపి తలుపు మూయబోతుంది. అప్పటికే కంట్లో నీళ్లు. కథ ఒక్క అడుగు కూడా ముందుకెళ్లదు. అయినా రేపటి గురించి ఆమెకున్న టెన్షన్ అంతా మనకు తెలిసిపోతుంది. ఆ పనులను వాటికి పట్టే టైమ్ ఇచ్చి చూపించారు, అంతే.

అపోహ: పేదింటి అమ్మ అంటే త్యాగమూర్తి

సర్వజయ త్యాగమూర్తా? ముసలి ఆడపడుచు ఇందిర్ ఠాక్రున్‌ని ఇంట్లోంచి వెళ్లగొడుతుంది. ఆమె ఒంట్లో బాగాలేక తిరిగొచ్చి మంచినీళ్లు అడిగితే, నువ్వే ముంచుకో అంటుంది. ముసలావిడ తాగగా మిగిలిన నీళ్లు మొక్కకు పోసి వెళ్లిపోతుంది. దుర్గ పూసల గొలుసు దొంగిలించిందని మాట పడ్డప్పుడు సర్వజయ ఆ పిల్లను జుట్టు పట్టుకుని ఈడ్చి కొడుతుంది. రాయ్ ఆమెను మంచిదానిగా మార్చే ప్రయత్నం చేయలేదు. నాలుగు గింజలతో నలుగురికీ పెట్టాల్సిన ఆడమనిషికి మనసు ఎలా ఇరుకవుతుందో చూపించాడు. అమ్మను దేవతను చేస్తే ఆ ఇరుకు కనిపించదు. దాంతో పాటే పేదరికమూ కనిపించకుండా పోతుంది.

మన దగ్గరా దీనికి గట్టి ఉదాహరణలున్నాయి. మృణాల్ సేన్ తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977)కి ప్రేమ్‌చంద్ 'కఫన్' ఆధారం. కోడలు పురిటి నొప్పులతో చనిపోతుంది, కాపాడాల్సిన మగాళ్లు కదలరు. బి. నర్సింగ రావు 'దాసి' (1988)లో గడీలో (దొర ఉండే కోటలాంటి ఇంట్లో) దాసీగా బతికే కమలాక్షికి దొర వల్ల కడుపు వస్తుంది, దాన్ని తీయించేస్తారు. అమ్మ అవ్వాలా వద్దా అన్నది కూడా ఆమె చేతిలో లేదు. ఎ.కె. బీర్ కెమెరా గడీ గోడలను, స్తంభాలను, ఆ నడవాలను చూపించే తీరు గమనించండి. ఆ పిల్ల వాటి మధ్య ఎంత చిన్నగా కనిపిస్తుందో. కమలాక్షిగా నటించిన అర్చన మొహంలో పెద్ద పెద్ద భావాలేమీ ఉండవు. వంగి చేసే పనిలోనే అంతా ఉంది. నటికి, కెమెరామన్‌కి ఇద్దరికీ జాతీయ అవార్డులొచ్చాయి. తెలుగులో సినిమా తీసేవాళ్లు ఒక్కసారైనా చూడాలి.

అపోహ: ఇవన్నీ మన పేదరికాన్ని విదేశాలకు అమ్ముకునే సినిమాలు

1980లో, రాజ్యసభ సభ్యురాలిగా ఉన్నప్పుడు, నర్గీస్ రాయ్ మీద ఈ విమర్శ చేశారు. 1957లో 'మదర్ ఇండియా'లో భుజాన నాగలి మోసిన అమ్మ ఆమే. అదే ఏడాది 'అపరాజితో'కి వెనిస్ చిత్రోత్సవంలో అత్యున్నత అవార్డు గోల్డెన్ లయన్ వచ్చింది. ఆ విమర్శను నేను కొట్టిపారేయను. పేదవాళ్ల మురికిని అందంగా చూపించి అవార్డులు తెచ్చుకునే సినిమాలు లేకపోలేదు. డీఐలో (సినిమా రంగులు సరిచేసే చోట) కూర్చుని "ఇంకొంచెం గోధుమ రంగు పెంచండి, పేదగా ఉండాలి" అన్నవాళ్లను నేనే చూశాను. రాయ్ మీద ఆ మాట నిలవదు. ఆయన సర్వజయకు కోపం ఇచ్చాడు, అసూయ ఇచ్చాడు, పరువు ఇచ్చాడు. జాలి కోసం తీసేవాడు అవేవీ ఇవ్వడు.

'అపరాజితో'లో ఆమె చివరి సాయంత్రం చూడండి. జబ్బు పడింది, కొడుకు కలకత్తాలో చదువుకుంటున్నాడు, రమ్మని కబురు పెట్టదు. చెట్టుకు ఆనుకుని కూర్చుంటే దూరంగా రైలు చప్పుడు. చీకట్లో అపూ పిలిచినట్టనిపించి లేచి తలుపు దాకా వస్తుంది. బయట ఎవరూ లేరు. చెరువు మీద మిణుగురులు. అక్కడ కట్ చేశారు. చావు షాట్ లేదు, మూలుగు లేదు. కొడుకు ఊరికి తిరిగొచ్చేసరికి ఇల్లు ఖాళీగా ఉంటుంది.