192 అంకె చూసి డబ్బు పెట్టకండి

విజయవాడ,
సత్యనారాయణపురం.

చిరంజీవులు చిన్నీకి, బాబీకి తాతయ్య ఆశీస్సులు.

హై రిజల్యూషన్ పాటలు వినడానికి డాక్ (ఫైల్లోని అంకెల్ని ధ్వని తరంగంగా మార్చే పెట్టె) కావాలని మీరిద్దరూ గొడవ చేస్తున్నారట. మీ నాన్న "తాతయ్యని అడగండి" అని తప్పించుకున్నాడు. కొనడం సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ పెట్టె మీద గొప్పగా రాసిన 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ సంగతేమిటో వినండి.

1982లో వచ్చిన సీడీలో ధ్వనిని సెకనుకి 44,100 సార్లు కొలిచి, ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు. మీరడిగే ఫైళ్లలో సెకనుకి 1,92,000 కొలతలు, ఒక్కోదానికి 24 బిట్లు. ప్రకటనల్లో సీడీ ధ్వనిని మెట్లు మెట్లుగానూ, వీటిని నున్నటి గీతలాగానూ బొమ్మ వేసి చూపిస్తారు. అసలు గోలంతా ఆ బొమ్మతోనే వచ్చింది. డాక్‌లోంచి బయటికొచ్చే తరంగంలో మెట్లుండవు, లోపలి ఫిల్టర్ వాటిని మిగలనివ్వదు.

లెక్కల క్లాసులో చెప్పారు కదా, ఒకే సరళరేఖ మీద లేని మూడు బిందువులిస్తే వాటి గుండా ఒకే ఒక్క వృత్తం గీయగలం అని. నాలుగో బిందువు పెడితే వృత్తం ఇంకా గుండ్రంగా అయిపోదు. ఇదీ అంతే. ధ్వనిలో ఉన్న అత్యధిక ఫ్రీక్వెన్సీకి, అంటే సెకనుకి వచ్చే కంపనాల లెక్కకి, రెట్టింపు కంటే ఎక్కువ సార్లు కొలిస్తే చాలు, కొలతల మధ్య భాగం కూడా ఉన్నదున్నట్టు తిరిగొస్తుంది. క్లాడ్ షానన్ అనే అమెరికన్ గణిత శాస్త్రవేత్త 1949లోనే దీన్ని రుజువుతో సహా ప్రచురించాడు. మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది, అదీ మీ వయసులో. నా వయసు వాళ్లకి 12,000 దాటితే కష్టమే. 44,100లో సగం 22,050. ఇంక లోటెక్కడ? 192 కిలోహెర్ట్జ్ ఫైలు 96,000 దాకా పట్టుకుంటుంది, గబ్బిలాలు సంతోషిస్తాయి.

బిట్లు పెరిగితే తగ్గేది అడుగున ఉండే సన్నటి హిస్, అదే సుయ్యిమనే శబ్దం, మాత్రమే. 16 బిట్లకే అతి పెద్ద శబ్దానికీ ఆ హిస్‌కీ మధ్య 96 డెసిబెల్స్ దూరం ఉంటుంది. మే నెల బెజవాడలో ఫ్యాను ఆపుకుని కూర్చుని వింటారా ఏంటి? స్టూడియోలో మాత్రం 24 బిట్లు కావాలి. గాయకుడు ఉన్నట్టుండి గొంతు పెంచినా రికార్డింగులో ధ్వని పగలకుండా ఇంజనీరు లెవెల్ కాస్త తగ్గించి రికార్డు చేసుకోవచ్చు. అది వాళ్ల పనికి.

తేడా బొత్తిగా లేదని నేను బల్లగుద్ది చెప్పను. 2007లో అమెరికాలో మేయర్, మోరన్ అనే ఇద్దరు చేసిన పరీక్షలో ఏది హై రిజల్యూషనో, ఏది సీడీ స్థాయో శ్రోతలు దాదాపు సగం సార్లే సరిగ్గా చెప్పారు, అంటే బొమ్మా బొరుసా వేసినట్టే. 2016లో రైస్ అనే ఆయన 18 ప్రయోగాల ఫలితాలు కలిపి చూస్తే సరైన జవాబులు 52.3 శాతం వచ్చాయి. శిక్షణ ఉన్నవాళ్లు ఇంకొంచెం మెరుగు. అంత సన్నటి తేడాకి అంత డబ్బా?

"మేం విన్నాం తాతయ్యా, బాగుంది" అంటారు. బాగుండే ఉంటుంది. చాలాసార్లు హై రిజల్యూషన్ కోసం పాటను మళ్లీ మాస్టరింగ్ చేస్తారు, అంటే విడుదలకి ముందు ధ్వనిని చివరిసారి సరిదిద్దుతారు. ఆ పనితనం వల్ల బాగుంటుంది, 192 వల్ల కాదు. ఘంటసాల గారి పాత పాటలే తీసుకోండి. ఆనాటి సినిమా రీలు అంచున ఉండే సౌండ్ ట్రాకులో మరీ పై శబ్దాలు లేనే లేవు, లేనిదాన్ని ఏ ఫైలు తెచ్చిపెడుతుంది? పైగా మీరు వినేది బ్లూటూత్ ఇయర్‌బడ్స్‌లో. పాట మీ చెవికి చేరేలోపే బ్లూటూత్ దాన్ని కుదించేస్తుంది.

మీరే తేల్చుకోండి. ఒక హై రిజల్యూషన్ ఫైలును సీడీ స్థాయికి మార్చి, తిరిగి పాత స్థాయికే మార్చండి, అప్పుడు తెర మీద అంకె చూసి కనిపెట్టలేరు. అలా మార్చినదీ, అసలు ఫైలూ, రెండింటి వాల్యూమ్ సరిగ్గా ఒకటే ఉండాలి. షాపుల్లో ఇక్కడే మోసపోతాం, కాస్త గట్టిగా మోగేదే మనకి బాగున్నట్టు అనిపిస్తుంది. ఒకరు రూపాయి బిళ్ల ఎగరేసి ఏది పెట్టాలో తేల్చండి, రెండోవాళ్లు వెనక్కి తిరిగి వినండి. 16 సార్లలో 12 సార్లు సరిగ్గా చెబితే ఆ డాక్ నేనే కొనిస్తాను. చెప్పలేకపోతే అదే డబ్బుతో వైరున్న మంచి హెడ్‌ఫోన్స్ తీసుకుందాం.

ఇట్లు,
మీ తాతయ్య