పదివేల విసుర్లు, ఒక ఎనిమిది

అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో మస్కీని 'పదివేల విసుర్ల చేప' అంటారు. గాలం పదివేలసార్లు విసిరితే ఒక్కసారి పడుతుందని. ఈ మాట వినగానే మా తొమ్మిదేళ్ల అమ్మాయి కాగితం ముందేసుకుంది. నిమిషానికి ఒక విసురు లెక్కన 166 గంటల 40 నిమిషాలు. "నాన్నా, వారం రోజులు నిద్రపోకుండా విసరాలి. టిఫిన్‌కి కూడా ఆగకూడదు" అని తేల్చింది. లెక్కలో తప్పు లేదు. కాకపోతే ఆ పదివేలలో చాలామటుకు చేపే లేనిచోట పడి ఉంటాయని నా అనుమానం.

మేం వెళ్లింది వైట్ బేర్ లేక్‌కి. సెయింట్ పాల్ నగరానికి ఈశాన్యంగా ఉంటుంది, సుమారు 2,400 ఎకరాలు. అంతకుముందు అక్కడ ఎప్పుడూ గాలం వేయలేదు.

నేను పెరిగిన ఊళ్లో ఈ బాధ లేదు. చెరువులో కొర్రమీను ఎక్కడుందో పిల్లలకి కూడా తెలిసిపోయేది. దానికి మొప్పలొక్కటే చాలవు, కాసేపటికొకసారి పైకొచ్చి నోటితో గాలి గుటకేయాల్సిందే. ఆ గుటక దగ్గర నీళ్లు కదులుతాయి, దొరికిపోతుంది. ఎర్రటి పిల్లల గుంపు తేలుతూ కనిపిస్తే తల్లో తండ్రో కింద కాపలా ఉన్నట్టే. మస్కీ అలా ఆచూకీ ఇచ్చే రకం కాదు. గాలి కోసం పైకి రాదు. గూడు కట్టదు. వసంతంలో లోతు తక్కువ నీళ్లలో గుడ్లు వెదజల్లి వాటి మానాన వాటిని వదిలేసి పోతుంది.

ఇది పైక్ అనే వేట చేపల కుటుంబంలో అన్నిటికన్నా పెద్దది. పేరు అక్కడి ఆదివాసులైన ఒజిబ్వే ప్రజల భాష నుంచి వచ్చింది. నాలుగడుగులు దాటి పెరుగుతుంది, ఆడవి మగవాటికంటే పెద్దవి, ఇరవై ఏళ్లకు పైగా బతకగలదు. తోటి చేపల్నే కాదు, వీలు చిక్కితే బాతు పిల్లల్నీ మింగుతుంది. ఇంత పెద్ద వేటగాడిని పోషించాలంటే చిన్న చేపలు బోలెడు కావాలి. అందుకే మంచి మస్కీ లేక్‌లో కూడా ఎకరానికి ఒక పెద్ద చేప ఉండదు. మూడెకరాలకు ఒకటనుకుందాం. మూడెకరాల పొలంలో ఎక్కడో ఒక్క గొర్రె పడుకుని ఉంది, మనం కళ్లకు గంతలు కట్టుకుని రాళ్లు వేస్తున్నాం. పరిస్థితి దాదాపు ఇదే.

అందుకని ముందు పొలాన్ని చిన్నది చేయాలి. రాష్ట్ర సహజ వనరుల శాఖ వెబ్‌సైట్‌లో చాలా లేక్‌లకి లోతు గీతల పటాలు ఉంటాయి. ఏ ఏడాది ఏ చేప పిల్లల్ని వదిలారో కూడా ఉంటుంది. పటం ప్రింట్ తీసి, ఎర్ర పెన్సిల్ అమ్మాయి చేతికిచ్చాను.

చెరువులో ఈదినవాళ్లకి గుర్తుండే ఉంటుంది: ఛాతీ దగ్గర నీళ్లు వెచ్చగా ఉంటాయి, కాళ్లు కిందికి చాపితే ఒక్కసారిగా చల్లగా తగులుతుంది. పెద్ద లేక్‌లో ఇదే వేసవంతా కొనసాగుతుంది. వెచ్చటి నీళ్లు తేలిక, పైన ఉంటాయి. చల్లటి నీళ్లు బరువు, కింద ఉంటాయి. గాలి ఎంత కొట్టినా పై పొరే కలుస్తుంది. రెండు పొరల మధ్య వేడి గబుక్కున పడిపోయే పట్టీని థర్మోక్లైన్ అంటారు. దాని కింది నీళ్లకి బయటి గాలి అందదు. పైనుంచి రాలిపడే మొక్కలూ చచ్చిన పురుగులూ అక్కడ కుళ్లుతూ ఉన్న ఆక్సిజన్‌ని కూడా తినేస్తాయి. అడుగున పోషకాలు ఎక్కువున్న లేక్‌లలో వేసవి ముదిరేకొద్దీ కింది భాగంలో చేప బతకడమే కష్టం. మా పటంలో లోతు 80 అడుగులు దాటిన చోట్లున్నాయి. అమ్మాయి 25 అడుగుల గీత లోపలున్నదంతా ఎర్రగా కొట్టేసింది. నిజానికి మస్కీ కొన్నిసార్లు లోతు నీళ్ల పైపొరలో సిస్కో చేపల వెంట తిరుగుతుంది. అది ఓపికున్నవాళ్ల ఆట, పిల్లలతో పెట్టుకోకూడదు.

మిగిలినదాంట్లోనూ అన్నిచోట్లా వేయనక్కర్లేదు. నీటిమొక్కలు ఎండ అందినంత లోతుకే పెరుగుతాయి, ఆ తర్వాత గోడ కట్టినట్టు ఆగిపోతాయి. చిన్న చేపలు ఆ మొక్కల్లో దాక్కుంటాయి, మస్కీ అంచున కాపు కాస్తుంది. గాలానికి మొక్కలు తగలడం ఎక్కడ ఆగిందో అదే అంచు. గాలి వెళ్లి తగిలే ఒడ్డయితే ఇంకా మంచిది. అంతా కలిపి రెండు మూలలు మిగిలాయి.

ముహూర్తం సంగతి కూడా చూడాలిగా! మస్కీ పట్టేవాళ్లకి చంద్రుడంటే గురి ఎక్కువ. 2014లో ఇద్దరు పరిశోధకులు 3.4 లక్షలకు పైగా మస్కీల రికార్డులు పరిశీలించారు. అమావాస్యకీ పౌర్ణమికీ దగ్గరి రోజుల్లో నిజంగానే కొంచెం ఎక్కువ పడుతున్నాయి. ఎంత? మహా అయితే 5 శాతం. ఆ మాత్రానికి పంచాంగం ఎందుకని స్కూలు సెలవు రోజే ముహూర్తం అనుకున్నాం.

అసలు సమస్య వేరే ఉంది. తొమ్మిదేళ్ల పిల్ల పెద్ద గాలాన్ని ఎంత దూరం విసరగలదు? నాలుగు పడవల దూరం కూడా కాదు. ఇక్కడే ఈ చేప స్వభావం పిల్లలకి కలిసొస్తుంది. చాలా చేపలు ఎరని కొడితే కొడతాయి, లేకపోతే లేదు. మస్కీ మాత్రం ఎర వెనకాలే నింపాదిగా పడవ దాకా వచ్చేస్తుంది.

ఎందుకిలా అన్నదానికి 2001లో వచ్చిన ఒక ప్రయోగంలో కొంత జవాబుంది. మస్కీల కళ్లు కొన్నిటికి కనబడకుండా చేశారు. ఇంకొన్నిటికి పార్శ్వరేఖ పనిచేయకుండా చేశారు. పార్శ్వరేఖ అంటే చేప ఒంటి పక్కన ఉండే జ్ఞానాంగం, నీటి కదలికని అది పసిగడుతుంది. మస్కీ వేట రెండు అంకాలుగా సాగుతుందని తేలింది. మొదట ఒళ్లు కదిలీ కదలనట్టు మెల్లగా దగ్గరికి జరగడం, తర్వాత ఒళ్లు వంచి ఒక్క ఉదుటున దూకడం. కళ్లు పనిచేయని చేపలు వెంటాడలేదు, కానీ ఎర దగ్గరికొస్తే మాత్రం దూకాయి. అంటే వెంటపడేది చూపుతో. ఎప్పుడు దూకాలో తేల్చేటప్పుడు చూపుకి నీటి కదలిక కూడా తోడవుతుంది.

కాబట్టి పడవ దగ్గరికి వచ్చిన ఎరని పైకి లాగేస్తే వేట సగంలో ఆగినట్టు. గాలం కర్ర కొనని నీళ్లలో ముంచి, ఎరతో 8 అంకె దిద్దాలి. వెడల్పాటి మలుపులతో, ఆపకుండా. (తెలుగు ౮ దిద్దితే పనికిరాదు, చేప మూల దగ్గరే విసుగెత్తి పోతుంది.) మలుపు తిరిగినప్పుడు ఎర పక్కకి తిరిగి కనబడుతుంది, నీటి కదలిక మారుతుంది. దీనికి భుజబలం అక్కర్లేదు, దూరం అక్కర్లేదు. విసిరిన ప్రతిసారీ మానకుండా చేయడమే కావాలి. పెద్దవాళ్లు పదో విసురుకి మానేస్తారు. పిల్లలు ఆటనుకుంటే మానరు.

మొదటి రోజు ఒక చేప వెనకాలే వచ్చి, అమ్మాయి కళ్లలోకి చూసి, మునిగిపోయింది. ఆ రాత్రి ఎవరికీ నిద్ర లేదు. రెండోసారి ఏమీ లేదు, ఎండ తప్ప. మూడోసారి, 8లో రెండో మలుపు దగ్గర, నీళ్లు పగిలినట్టు శబ్దం. నేను ముందే రీల్ బిగువు కాస్త తగ్గించి ఉంచాను, ఎందుకంటే అంత దగ్గర్లో తాడు సాగదు, కుదుపంతా పిల్ల చేతుల మీదే పడుతుంది. ఒక చేత్తో ఆమె లైఫ్ జాకెట్ పట్టీ, ఇంకో చేత్తో వల పట్టుకున్నాను.

వల వేశాక తొందరపడకూడదు. వల నీళ్లలోనే ఉండాలి, చేప నీళ్లలోనే ఉండాలి. పెనుగులాడిన చేప కండరాల్లో లాక్టిక్ ఆమ్లం పేరుకుపోయి ఉంటుంది, తేరుకోవడానికి ఆక్సిజన్ కావాలి. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 27 డిగ్రీల్లో 8 మాత్రమే. అదే సమయంలో వేడికి చేప అవసరం పెరుగుతుంది. అందుకే నీళ్లు 27కి చేరిన రోజుల్లో మస్కీ జోలికి పోకపోవడమే మర్యాద. ఈదుకుంటూ వెళ్లినట్టే వెళ్లి తర్వాత చచ్చిపోతుంది. ఆ రోజు 21 ఉంది. కొక్కేన్ని లాగకుండా కట్టర్‌తో తుంచేశాను. అమ్మాయి తోక దగ్గర పట్టుకుంటే నేను పొట్ట కింద చెయ్యి వేశాను. అడ్డంగానే, ఒక ఫొటోకి సరిపడా సేపు. తర్వాత నీళ్లలో నిలబెట్టి పట్టుకుంది. కాసేపటికి తోక ఆమె వేళ్లలోంచి జారిపోయింది.

34 అంగుళాలు. ఇంటికి తీసుకెళ్లాలంటే మిన్నెసోటాలో 54 ఉండాలని కారులో చెప్పాను. కాసేపు ఆలోచించింది.

"నేను 52 అంగుళాలే కదా నాన్నా. మరి నన్నెందుకు ఇంటికి తీసుకెళ్తున్నావ్?"