స్లైస్ గుట్టు వలలో తెలుస్తుంది

కుడిచేతివాటం ఆటగాడు డ్రైవర్ అనే పొడవాటి క్లబ్‌తో (గోల్ఫ్ కర్రతో) బలంగా కొట్టిన గోల్ఫ్ బంతి లక్ష్యానికి కాస్త ఎడమగా బయలుదేరుతుంది. సగం దూరం వెళ్ళాక కుడికి ఒరగడం మొదలుపెట్టి చివరికి చెట్లలోనో నీళ్ళలోనో పడుతుంది. దీన్నే స్లైస్ అంటారు. కొత్తగా ఆట నేర్చుకునేవారిని ఇంతగా వేధించే దోషం మరొకటి లేదు. దీన్ని సరిచేసుకోవడానికి విశాలమైన పచ్చిక మైదానం కావాలని చాలామంది అనుకుంటారు. నా అభిప్రాయం వేరు. ఒక వల, ఒక తెల్లదారం, నాలుగు దోసిళ్ళ తడి ఇసుక ఉంటే చాలు. తొలిదశలో మైదానం దాచిపెట్టే నిజాన్ని వల చూపిస్తుంది కూడా.

ఒడిశా సరిహద్దు జిల్లాల్లో ఉండే తెలుగువాళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలనిపిస్తుంది. మన దేశానికి గోల్ఫ్ కొత్త కాదు. రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్ 1829లోనే మొదలైంది. అయినా గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లోని తెలుగు ఇళ్ళలో పిల్లల చేతికి ముందు వచ్చేది క్రికెట్ బ్యాటే. గోల్ఫ్ సంగతి వాళ్ళకు తెలిసేది చాలావరకు సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దల ద్వారానే, ఎందుకంటే చాలా కంటోన్మెంట్లలో గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. బరంపురంలో నాకు తెలిసిన ఒక విశ్రాంత సుబేదారు అలాగే ఆడటం నేర్చుకున్నారు. గోపాల్‌పూర్ తీరంలోని తెలుగు మత్స్యకారుల దగ్గర పాత వల కొని, పెరట్లో వెదురు బొంగులకు కట్టి, ఇరుగుపొరుగు కుర్రాళ్ళకు ఆ వలలోకే కొట్టడం నేర్పుతున్నారు.

అసలు బంతి ఎందుకు వంగుతుంది? క్రికెట్‌లో కొత్త బంతి స్వింగ్ అయ్యేది కుట్టు వల్ల. గోల్ఫ్ బంతికి కుట్టు లేదు. ఒంటినిండా గుంటలున్నా అవి అన్ని వైపులా ఒకేలా ఉంటాయి. దాన్ని వంచేది సుడి. స్పిన్ బౌలర్ విసిరిన బంతి పిచ్ మీద పడకముందే గాలిలో పక్కకు జారడానికి కూడా ఇదే కారణం. తిరుగుతున్న బంతి తనను అంటిపెట్టుకున్న పలుచటి గాలి పొరను తనతోపాటు లాక్కుపోతుంది. ఆ పొర ఒకవైపు తొందరగా, మరోవైపు ఆలస్యంగా బంతిని వదిలేస్తుంది. దాంతో వెనక ఏర్పడే గాలి తోక ఒక పక్కకు మళ్ళుతుంది. బంతి గాలిని కిందికి నెడితే గాలి బంతిని పైకి లేపుతుంది, ఎడమకు నెడితే కుడికి తోస్తుంది.

చాలామంది వెనకసుడి, పక్కసుడి అని రెండు లెక్కలు చెబుతారు. నిజానికి బంతికి ఉండేది ఒకే ఇరుసు, ఒకే సుడి. ఆ ఇరుసు నేలకు సమాంతరంగా ఉంటే బంతి తిన్నగా సాగిపోతుంది. ఇరుసు కుడికి వాలితే, విమానం రెక్క వాల్చి మలుపు తిరిగినట్టు, బంతిని పైకి లేపే బలంలోనే కొంత భాగం దాన్ని కుడికి లాగుతుంది.

ఈ వంపును గమనించి రాసినవారిలో న్యూటన్ ఒకరు. ఏటవాలుగా పట్టిన రాకెట్‌తో కొట్టిన టెన్నిస్ బంతి వంకరగా వెళ్ళడాన్ని ఆయన 1672లో, కాంతి గురించి రాసిన లేఖలో ప్రస్తావించారు. తిరిగే వస్తువుల మీద గాలి చూపే ఈ బలానికి 1852లో ప్రయోగాలు ప్రచురించిన జర్మన్ శాస్త్రవేత్త మాగ్నస్ పేరు స్థిరపడింది. గోల్ఫ్ బంతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం నాకు ఎంతో ఇష్టమైన పేరు ఎడిన్‌బరో ఆచార్యుడు పీటర్ గుత్రీ టెయిట్. ఆయన కొడుకు ఫ్రెడీ టెయిట్ 1896లో, 1898లో బ్రిటిష్ అమెచ్యూర్ గోల్ఫ్ పోటీ విజేత. బంతి సుడిని కొలిచే యంత్రాలు లేని ఆ రోజుల్లో టెయిట్ బంతికి ఒక పొడవాటి పట్టీ కట్టి, రెండో కొసను నేలకు బిగించి, దగ్గరలోనే ఉంచిన బంకమట్టి దిమ్మలోకి కొట్టించారు. తర్వాత పట్టీకి పడిన మెలికలు లెక్కపెట్టారు. బంతి ఎంత వేగంగా తిరుగుతోందో ఆ మెలికలే చెప్పాయి. బంతి దూరం ఎగరనక్కరలేకుండానే దాని కథ చదవవచ్చని వందేళ్ళకు ముందే తేలింది.

ఇరుసును వాల్చేది ఏమిటి? రెండే విషయాలు. దెబ్బ తగిలే క్షణంలో క్లబ్ ముఖం, అంటే బంతికి తగిలే చదునైన వైపు, ఎటు చూస్తోంది, క్లబ్ ఏ దారిలో వస్తోంది. రెండూ ఒకే దిశలో ఉండి దెబ్బ ముఖం నడిమధ్య తగిలితే వంపు ఉండదు. దారితో పోలిస్తే ముఖం కుడికి తెరుచుకుని ఉంటే స్లైస్. ఆ తేడా ఆరు డిగ్రీలు అనుకుందాం. ముఖం బాగా వెనక్కి వాలి ఉండే వెడ్జ్ అనే క్లబ్‌తో ఇరుసు ఎనిమిది డిగ్రీలైనా వాలదు. వాలు తక్కువైన డ్రైవర్‌తో అదే తప్పుకు దాదాపు 22 డిగ్రీలు వాలుతుంది. వెడ్జ్‌తో బాగానే ఆడేవారు డ్రైవర్ పట్టగానే చెట్లపాలు కావడానికి కారణం ఇది, ధైర్యం చాలక కాదు. ఇక క్లబ్, బంతి కలిసి ఉండేది సెకనులో సుమారు రెండువేలవ వంతు మాత్రమే. ఆ లోపల ఎవరూ ఏదీ దిద్దలేరు. దిద్దుబాటంతా అంతకుముందే, అలవాటుగా శరీరంలో చేరి ఉండాలి.

మైదానంలో చిక్కు ఇక్కడే వస్తుంది. ఆటగాడికి కనిపించేది బంతి పడిన చోటు. అది కుడివైపున ఉంటుంది. వెంటనే భుజాలు ఎడమకు తిప్పి గురిపెడతాడు, క్లబ్‌ను ఇంకా ఎడమకు అడ్డంగా లాగుతాడు. దారి ఎడమకు జరిగేకొద్దీ దారికీ ముఖానికీ మధ్య తేడా పెరుగుతుంది, బంతి ఇంకా వంగుతుంది. రోగి తనకు తోచిన మందు వేసుకుంటూ రోగాన్నే పెంచుకుంటున్నాడు. ఇందులో తెలివితక్కువతనం లేదు. కన్ను చూసినదానికి శరీరం నిజాయితీగా స్పందిస్తోంది, కన్ను చూసినదే సగం నిజం.

వలలో కన్నుకు మరోటి కనిపిస్తుంది. బంతిని వలకు మూడు మీటర్ల దూరంలో పెట్టండి. వల మధ్యలో తెల్లదారం నిలువుగా వేలాడదీసి, బంతి నుంచి దానివైపు సుద్దగీత గీయండి. మూడు మీటర్ల దగ్గర ఒక డిగ్రీ అంటే సుమారు ఐదు సెంటీమీటర్లు. బంతి దారానికి 15 సెంటీమీటర్లు ఎడమగా తగిలిందంటే మూడు డిగ్రీలు ఎడమకు బయలుదేరినట్టు. బయలుదేరే దిశలో పెద్ద వాటా ముఖానిది: ఐరన్లు అనే లోహపు తల క్లబ్‌లతో ముప్పాతిక వంతు, డ్రైవర్‌తో ఇంకా ఎక్కువ. కాబట్టి వల మీద బంతి తగిలిన చోటు ముఖం గురించి చెబుతుంది.

దారి గురించి చెప్పేది ఇసుక. బంతి ముందువైపు నేల మీద తడి ఇసుకను రెండు వేళ్ళ మందాన జానెడు వెడల్పు పరచి, అరచేత్తో అణచి నున్నగా చేయండి. ఏడో నంబరు ఐరన్‌తో కొట్టండి. క్లబ్ బంతిని దాటి ఇసుకను చెక్కుకుంటూ వెళ్ళిన చోట గాడి పడుతుంది. దాని వెంబడి సన్నటి కర్ర పెట్టి సుద్దగీతతో పోల్చి చూడండి. దెబ్బ కిందికి దిగుతూ తగులుతుంది కాబట్టి గాడి అసలు దారికంటే కాస్త ఎడమకు చూపడం సహజం, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. తీసేసినా స్లైస్ కొట్టేవాడి గాడి ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు ఎడమకు పోవడం మామూలే. వల మీద మూడు డిగ్రీలు, దారి తొమ్మిది డిగ్రీలు అయితే, వాటాల లెక్క ప్రకారం ముఖం దాదాపు లక్ష్యాన్నే చూస్తోందని అర్థం. ముఖం లక్ష్యాన్ని చూస్తున్నా బంతి కుడికి పోతుందన్న సంగతి చాలామందికి నమ్మబుద్ధి కాదు. గాడి చూశాకే నమ్ముతారు.

సాధనలో ముందు ముఖం, తర్వాత దారి. ఈ వరుస తప్పకూడదని నేను గట్టిగా చెబుతాను. ఎడమచేతి పట్టును కుడివైపుకు కాస్త తిప్పండి. తల వంచి చూస్తే ఆ చేతి వేళ్ళ కణుపులు రెండు, మూడు కనిపించాలి. తర్వాత రెండు చేతుల మధ్య నాలుగు వేళ్ళ ఎడం వదిలి, బంతి లేకుండా నడుము ఎత్తువరకు మాత్రమే మెల్లగా ఊపండి. ముంజేతులు ఎలా తిరిగి ముఖాన్ని మూస్తాయో ఈ ఎడం వల్ల స్పష్టంగా తెలుస్తుంది. అప్పుడు మామూలుగా పట్టుకుని సగం ఊపుతో బంతులు కొట్టండి.

సుబేదారు గారి దగ్గర ఒక కుర్రాడు ఈ దశలోనే బెంబేలెత్తిపోయాడు. "సుబేదారు గారూ, ఇప్పుడు ఇంకా ఎడమకు పోతోందండీ!" అన్నాడు. ఆయన గాడి పక్కన కూర్చుని కర్ర పెట్టి చూపించారు. "పోనీ బాబూ. గాడి ఎటు ఉందో బంతి కూడా అటే పోయింది. రెండూ కలిశాయి కదా, వంపు పోయినట్టే. ఇక రెండింటినీ కలిపి దారం వైపు తిప్పుకోవడమే." ఇంత స్పష్టమైన వివరణ నేను పుస్తకాల్లో కూడా అరుదుగా చూశాను.

దారి మార్చడానికి బంతికి జానెడు వెనక, శరీరానికి అవతలి వైపున, మడతపెట్టిన తువ్వాలు ఉంచండి. బయటి నుంచి లోపలికి కోస్తూ వచ్చే క్లబ్ దానికి తగులుతుంది, లోపలి నుంచి వచ్చేది తప్పించుకుంటుంది. అప్పటికీ కుదరకపోతే కుడిపాదం జానెడు వెనక్కి జరిపి కొట్టండి, క్లబ్‌కు లోపలి నుంచి రావడం సులువవుతుంది. కొన్ని బంతులను కావాలనే కుడికి బయలుదేరి ఎడమకు వంగేలా కొట్టడానికి ప్రయత్నించడం కూడా మంచిదే. రెండు కొసలూ తెలిస్తే మధ్య దొరుకుతుంది. క్లబ్ ముఖం మీద సుద్ద పూసి దెబ్బ ఎక్కడ తగులుతోందో కూడా చూసుకోండి. డ్రైవర్ ముఖంలో కర్ర వైపు అంచున తగిలితే, క్లబ్ తల మెలిక తిరగడం వల్ల బంతికి స్లైస్ సుడి అదనంగా వస్తుంది.

కదలికలు నేర్చుకోవడంపై పరిశోధించే గాబ్రియేల్ వుల్ఫ్, ఆమె సహచరులు 1999లో గోల్ఫ్ మీద చేసిన అధ్యయనంలో, తమ చేతుల కదలికపై దృష్టి పెట్టినవారికంటే క్లబ్ కదలికపై దృష్టి పెట్టినవారు బాగా నేర్చుకున్నారు. "మోచేయి ఎక్కడుంది" అని ఆలోచించే కుర్రాడికంటే "తువ్వాలుకు తగలకూడదు" అనుకునే కుర్రాడికి పని సులువు. అలాగే, వరుసగా ఒకే దెబ్బ కొట్టడంకంటే దెబ్బలు మార్చిమార్చి సాధన చేయడం అప్పటికి తడబాటుగా కనిపించినా, ఎక్కువకాలం నిలుస్తుంది. షే, మోర్గాన్ అనే పరిశోధకులు 1979లోనే దీన్ని గోల్ఫ్ కాని చేతి కదలికలతో చూపించారు. పట్టు కుదిరాక క్లబ్‌లు మారుస్తూ ఉండండి.

వల విషయంలో జాగ్రత్త తప్పనిసరి. బంతి వ్యాసం కనీసం 42.67 మిల్లీమీటర్లు, బరువు గరిష్ఠంగా 45.93 గ్రాములు. డ్రైవర్ దెబ్బకు అది సెకనుకు 60 మీటర్ల వేగాన్ని అందుకోగలదు. వల కన్ను బంతికంటే చిన్నదిగా, దారం లావుగా ఉండాలి. రెండు పొరలుగా, వదులుగా వేలాడాలి. బిగించి కడితే బంతి వేగంగా వెనక్కి వస్తుంది. పిల్లలు ఎప్పుడూ కొట్టేవాడి వెనకే, దూరంగా నిలబడాలి.

గాలి పాత్ర కూడా కొంత ఉంది. సుమారు 870 మీటర్ల ఎత్తున్న కోరాపుట్‌లో గాలి సాంద్రత సముద్రమట్టంలో కంటే దాదాపు ఎనిమిది శాతం తక్కువ, వంచే బలం కూడా ఆ మేరకు తగ్గుతుంది. గోపాల్‌పూర్ ఉక్కపోతకు గాలి బరువెక్కి బంతిని లాగేస్తుందన్నది మాత్రం అపోహ. నీటి ఆవిరి కలిసిన గాలి పొడిగాలికంటే తేలికే.

డ్రైవర్‌ను చివరికి అట్టిపెట్టండి. ఐరన్‌తో గాడి, వల మీది చోటు రెండూ దారానికి దగ్గరయ్యాకే దాన్ని చేతిలోకి తీసుకోవాలి. ముఖానికీ దారికీ మధ్య తేడా రెండు డిగ్రీలకు దిగితే బంతి చివర్లో కొద్దిగా మాత్రమే కుడికి ఒరుగుతుంది. దాన్ని ఫేడ్ అంటారు. దిగ్గజాల్లో చాలామంది దాన్ని కోరి మరీ ఆడారు. ఆ రెండు డిగ్రీలను కూడా తుడిచేయాలని పట్టుబట్టనక్కరలేదు.