బెజవాడ శివార్లలో అద్దె ఇల్లు: అపోహలు - వాస్తవాలు

బెజవాడలో అద్దె ఇళ్ళు చూపించడం నా పని. ఈ మధ్య వచ్చేవాళ్ళలో చాలామంది అనే మొదటి మాట "కాస్త దూరమైనా పర్లేదండీ, అద్దె తగ్గాలి" అని. తగ్గుతుంది, నిజమే. కానీ నెలాఖరుకి చేతిలో ఎంత ఉంటుందో ముందే లెక్క వేసుకోమని అందరికీ చెబుతుంటాను.

అపోహ: కంకిపాడు వెళ్తే తగ్గిన అద్దె అంతా మిగులే.

వాస్తవం: బెంజ్ సర్కిల్ నుంచి కంకిపాడు సుమారు 15 కిలోమీటర్లు. ఊళ్ళోని పటమట కన్నా అక్కడ అద్దె 4,000 తక్కువ అనుకుందాం. రానూపోనూ 30, నెలకు 25 రోజులంటే 750 కిలోమీటర్లు. లీటరుకు 45 ఇచ్చే బండైనా, పెట్రోలు 110 చొప్పున దాదాపు 1,850 రూపాయలు. మొగుడూ పెళ్ళాం రెండు బళ్ళు తీస్తే ఆ నాలుగు వేలూ హారతి కర్పూరమే. పిల్లల స్కూలు ఆటో, సర్వీసింగ్ ఇంకా కలపలేదు.

ఆవిడ బస్సులో వెళ్తానంటే మాత్రం లెక్క మారుతుంది. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌ లాంటి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ డబ్బులు లేవు. అలాంటి ఇంటికి కంకిపాడు వెళ్ళే బందరు రోడ్డు పొడవునా శివారు నిజంగా లాభమే. స్టాపు నుంచి ఇంటికి నడిచేంత దూరముండాలి, దారిలో వీధి లైట్లుండాలి. లోపలెక్కడో వెంచర్‌లో ఇల్లయితే రాత్రిపూట మళ్ళీ ఆటోనే గతి.

అపోహ: దూరమంటే బెంజ్ సర్కిల్ నుంచే.

వాస్తవం: మీ ఆఫీసు నుంచి కొలవండి. ఇబ్రహీంపట్నం థర్మల్‌లో పనిచేసేవారు చవకని పోరంకిలో దిగితే రోజూ ఊరంతా దాటాలి. వాళ్ళకు గొల్లపూడి, కొండపల్లి నయం. వెలగపూడి సచివాలయం వాళ్ళు కృష్ణ దాటి ఉండవల్లి, తాడేపల్లి చూసుకోవచ్చు.

అపోహ: గ్రౌండ్ ఫ్లోర్ చవగ్గా వస్తే వదలకూడదు.

వాస్తవం: ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద సింగ్ నగర్, పాయకాపురం ఇళ్ళల్లోకి వచ్చింది. బీరువాలు, ఫ్రిజ్‌లు, పిల్లల సర్టిఫికెట్లు పోగొట్టుకున్నవాళ్ళు ఎందరో. ఆ పక్క ఉండొద్దని కాదు, మొదటి అంతస్తు అడగండి. కొత్త రంగులేస్తే గోడ ఏమీ చెప్పదు. బెడ్‌రూమ్ తలుపు కింది అంచు వేలితో తడిమి చూడండి. చెక్క ఉబ్బి పొరలు లేస్తుంటే నీళ్ళు నిలిచాయేమోనని అనుమానించాల్సిందే. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టులో ఎంత ఎత్తు వచ్చాయో అడిగితే చెబుతారు.

అపోహ: బోరుంటే చాలు, నీళ్ళకు ఖర్చుండదు.

వాస్తవం: కుళాయి మూతి దగ్గర తెల్లగా ఉప్పు పేరుకుందేమో చూడండి. ఉంటే తాగడానికే కాదు, వంటకూ క్యాన్లు కొనాల్సి రావచ్చు.

అపోహ: ఆదివారం చూసి అడ్వాన్సు ఇచ్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆదివారం రోడ్లు ఖాళీ. నిడమానూరు వైపు ఇల్లు నచ్చితే, సోమవారం ఉదయం ఆఫీసు వేళకు అక్కడి నుంచి బయల్దేరి రామవరప్పాడు రింగు దాటి చూడండి. ఆ తర్వాతే డబ్బు చేతిలో పెట్టండి.