హై వోల్టేజ్ కెపాసిటర్లు: ప్లగ్ పీకితే చార్జ్ పోతుందా?

ఎస్పీ రోడ్డులో చవగ్గా సామాను కొనుక్కుని బెంగళూరులోని నా వర్క్‌షాప్‌కు వచ్చే కుర్రాళ్లలో చాలామందిది ఒకటే మాట: "ప్లగ్ పీకేశాం కదన్నా, ఇంకేం భయం?" అన్నిటికంటే ప్రమాదకరమైన అపోహ ఇదే.

ప్లగ్ పీకితే ఆగేది సప్లై మాత్రమే. బయటికి పోయే దారి లేకపోతే చార్జ్ కెపాసిటర్‌లోనే, అంటే చార్జ్‌ను దాచుకునే ఆ భాగంలోనే, చాలాసేపు నిలిచి ఉంటుంది. అనంతపురం కుర్రాడొకడు నా బెంచి మీదే బోర్డు ఆన్ చేసి, ప్లగ్ పీకేశాడు. ఇద్దరం టీ తాగొచ్చాక నియాన్ టెస్టర్ పెట్టి, "వెలగట్లేదు, ఖాళీ అయిపోయిందన్నా" అన్నాడు. మీటర్ పెడితే 290 వోల్టులు! టెస్టర్ వెలగాలంటే కరెంటు మన ఒంట్లోంచి భూమికి వెళ్లి తిరిగి సర్క్యూట్‌కు చేరాలి. ప్లగ్ పీకేసిన బోర్డుకు ఆ దారే ఉండదు. రబ్బరు చెప్పులూ అంతే. రెండు చేతులూ రెండు టెర్మినల్స్‌కు తగిలితే చెప్పులకు పనేముంది? 400 వోల్టుల దగ్గర 100 మైక్రోఫారడ్లలో 8 జూల్స్ ఉంటాయి. అవి గుండె మీదుగా పోతే ప్రాణానికే ముప్పు.

అందుకే బ్లీడర్ రెసిస్టర్ (ప్లగ్ పీకాక కెపాసిటర్‌లోని చార్జ్‌ను మెల్లగా ఖాళీ చేసేది) లేని బోర్డును నేను ముట్టుకోను. ఆ కెపాసిటర్‌కు అడ్డంగా 100 కిలో ఓమ్స్ వేస్తే 50 సెకన్లలో నాలుగు వోల్టుల లోపుకు దిగుతుంది. ఆన్‌లో ఉన్నంతసేపూ రెసిస్టర్ 1.6 వాట్లు తింటుంది కాబట్టి 5 వాట్లది వేయండి. అది ఊడిపోయినా మనకు తెలియదు, ప్రతిసారీ మీటర్‌తో చూడాల్సిందే. వెయ్యి వోల్టులు దాటితే మామూలు మీటర్ పెట్టొద్దు. స్క్రూడ్రైవర్‌తో షార్ట్ చేస్తే లోహం చిమ్ముతుంది. పైగా షార్ట్ తీశాక డైఎలక్ట్రిక్‌లో, అంటే కెపాసిటర్ పలకల మధ్య ఉండే ఇన్సులేషన్ పొరలో, మిగిలిన చార్జ్ వల్ల వోల్టేజ్ మళ్లీ లేస్తుంది. డిస్చార్జ్ చేశాక టెర్మినల్స్ మధ్య వైరు కట్టి దాచండి.

ఒకసారి షాక్ తిన్నాక సోల్డరింగ్ ఐరన్ కూడా పట్టుకోని వాళ్లున్నారు. ఆ భయం సహజం, అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. అలా వైరు కట్టి ఉన్న కెపాసిటర్‌ను మాత్రం ధైర్యంగా పట్టుకోండి, అది ఏమీ చేయదు.

రెండు 400 వోల్టులవి సిరీస్‌లో పెడితే 800 తట్టుకుంటాయనేది సగం నిజమే. రెండింటి లీకేజీ ఒకేలా ఉండదు, ఒకదాని మీద భారం ఎక్కువ పడి అది పేలుతుంది. ఒక్కోదానికి అడ్డంగా సమాన విలువ రెసిస్టర్ వేయండి, బ్లీడర్ పని కూడా అదే చేస్తుంది.

ఓహెచ్‌పీ షీటు (ప్రొజెక్టర్ మీద పెట్టే పారదర్శక ప్లాస్టిక్ షీటు), అల్యూమినియం ఫాయిల్‌తో ఇంట్లో చుట్టుకున్న కెపాసిటర్లకు షీటు మందం ఒక్కటే చాలదు. పొరల మధ్య చిక్కిన గాలిలో కరోనా (హై వోల్టేజ్‌కు గాలిలో పుట్టే సన్నటి విద్యుత్ డిస్చార్జ్) పుట్టి షీటును తినేస్తుంది. ట్రాన్స్‌ఫార్మర్ ఆయిల్‌లో ముంచి బుడగలు పోనివ్వాలి. ఉప్పునీళ్ల సీసా కెపాసిటర్‌నూ ఆటవస్తువు అనుకోకండి. 1746లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ముసెన్‌బ్రూక్ అనే శాస్త్రవేత్తను ప్రాణభయంతో వణికించింది నీళ్లు పోసిన గాజు పాత్రే.

ఇక 400 వోల్టుల డీసీ ఫిల్మ్ కెపాసిటర్‌ను నేరుగా 230 వోల్టుల మెయిన్స్‌కు కలపొద్దు. అక్కడ మెయిన్స్‌కు అడ్డంగా పెట్టడానికే తయారుచేసిన ఎక్స్2 రకమే వాడాలి.