బ్యాటరీ స్టిక్కర్ మీది 120 ఎన్ని గంటల లెక్క?

భీమవరం, పాలకొల్లు వీధుల్లో తిరిగే బ్యాటరీ ఆటోల సీటు కింద చాలావరకు నాలుగు 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీలుంటాయి. గోల్ఫ్ కార్టుల్లో ఎక్కువగా వాడేవీ ఈ రకమే, డీప్ సైకిల్ అంటారు. కారు బ్యాటరీకి ఇంజన్ స్టార్ట్ చేసే ఆ కొన్ని సెకన్లే పెద్ద పని, అందుకే ప్లేట్లు పలచగా ఉన్నా సరిపోతాయి. పగలంతా దిగిపోయి రాత్రికి మళ్లీ చార్జి ఎక్కాల్సిన బ్యాటరీకి మాత్రం మందపాటి ప్లేట్లు కావాలి.

కొనేవాళ్లు ముందుగా అడిగేది "ఎన్ని ఏహెచ్?" అనే. ఏహెచ్ అంటే ఆంపియర్ అవర్, ఎన్ని ఆంపియర్లు ఎన్ని గంటలు ఇస్తుందన్న లెక్క. ఆ అంకె పక్కన చిన్న అక్షరాల్లో సీ20 అనో, సీ5 అనో ఉంటుంది, అంటే 20 గంటల్లో ఖాళీ చేస్తే అనో, 5 గంటల్లో ఖాళీ చేస్తే అనో. అసలు సంగతంతా అక్కడే ఉంది. సీ20 లెక్కన 120 అంటే 6 ఆంపియర్ల చొప్పున 20 గంటలు. కానీ 48 వోల్టుల మీద నడిచే 1 కిలోవాట్ మోటారు 21 ఆంపియర్ల దాకా లాగుతుంది. కరెంటు జోరుగా లాగేకొద్దీ చేతికొచ్చే మొత్తం తగ్గుతుందని 1897లోనే జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కెర్ట్ సూత్రం కట్టాడు. ప్లేటు లోపలి సన్నటి రంధ్రాల్లోకి యాసిడ్ చేరేలోపే పై పొర సల్ఫేట్ అయిపోతుంది మరి. బాగా వాడుకలో ఉన్న ఒక 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీ 20 గంటల లెక్కన 225 ఏహెచ్ ఇస్తుంది, 5 గంటల్లో ఖాళీ చేస్తే 185 మాత్రమే. ఆ దామాషాలో చూస్తే సీ20 మీద 120 అన్నది సీ5 మీద 99కి దిగుతుంది. సీ5 మీద 105 రాసిన బ్యాటరీయే ఆటోకి మేలు.

ఆయుష్షు సంగతికొస్తే, రోజూ 80 శాతం లాగేసేదానికన్నా సగం దగ్గరే చార్జి పెట్టేది చాలా ఎక్కువ సైకిళ్లు (చార్జి నిండి దిగే విడతలు) వస్తుంది. ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీది సల్ఫేట్ గట్టిపడి మళ్లీ కరగదు. వేడి ఇంకో శత్రువు: 25 డిగ్రీలు దాటాక ప్రతి 10 డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది. మన మే నెల ఎండల్లో బ్యాటరీకి గాలి తగిలేలా చూడటం చాలా అవసరం.

తీరం వైపు ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. అవి బ్యాటరీలో పోయనే కూడదు. క్లోరైడు ప్లేట్లను తినేస్తుంది, ఇనుము ఉంటే చార్జి దానంతటదే దిగిపోతుంది. డిస్టిల్డ్ వాటరే, అదీ చార్జి నిండాకే పోయాలి.

యాసిడ్ సాంద్రత చూపే హైడ్రోమీటర్ రబ్బరు బుడ్డి నొక్కి సెల్లులో ముంచి వదిలితే యాసిడ్ గాజు గొట్టంలోకి ఎక్కి లోపలి తేలుడు లేస్తుంది. ఫుల్ చార్జి మీద అన్ని సెల్లులూ 1.260 చూపిస్తూ ఒక్కటి 1.180 దగ్గర ఆగితే అదే పోయిన సెల్లు. పాత సెట్టులో ఆ సెల్లున్న ఒక్క బ్యాటరీనే మారిస్తే మాత్రం మిగతా మూడూ ముందుగా ఖాళీ అవుతాయి. నాలుగూ ఒకే వరసలో కలిపి ఉంటాయి కాబట్టి కొత్తదాంట్లో చార్జి మిగిలున్నా ఆటో కదలదు.